ఏరు దాటితే ఎదురుమొండి

గ్రీసు దేశపు రాజధాని ఏథెన్సు. దానికి రేవు పిరేయస్. మా కళాశాలలో చదువుకొని ఇప్పుడు సరుకుల ఓడ మీద ఉద్యోగం చేస్తున్న శిష్యుడొకడు ఆ మధ్య ఆ రేవులో దిగి, సెలవు దొరికిందని మరో ఓడెక్కి ఒక దీవికి వెళ్ళి, ఫోటోలు పంపించాడు. అది ఓడ అంటే ఓడ కాదు, నీళ్ళ మీద నడిచే మేడ. కింది అంతస్తులో లారీలు, కార్లు. పై అంతస్తుల్లో కుర్చీలు, కాఫీ హోటలు, పిల్లలు పరుగులెత్తడానికి ఖాళీ జాగా. పొద్దున ఎక్కితే ఎనిమిది గంటలు నడిచి శాంటోరిని దీవిలో దింపుతుందట. అక్కడ నిలువు కొండ అంచున, పడిపోతాయేమో అనిపించేటట్టుగా తెల్లటి ఇళ్ళు. మా పిల్లలు ఆ ఫోటోలు చూసి మురిసిపోయారు. మా ఆవిడ మాత్రం, ఉప్పుగాలికి గోడలు అంత తెల్లగా ఉండాలంటే ఏటా సున్నం ఎవరు వేస్తారో, ఎంత ఖర్చవుతుందో కనుక్కోమన్నది. ఉత్తరం చివర మావాడు ఒక మాట చేర్చాడు: "మనకు ఇట్లాంటి ప్రయాణాలు లేవు గదా, మాస్టారూ!"

లేకేం? విశాఖపట్నంలో ఓడెక్కితే సుమారు రెండున్నర రోజులకు అండమాను దీవుల్లో పోర్టు బ్లెయిరు చేరతాము. 2024లో ఆ ఊరికి శ్రీ విజయపురం అని పేరు మార్చారు. 2011 జనాభా లెక్కల్లో ఆ దీవుల్లో నూటికి 13 మంది మాతృభాష తెలుగు. అది పెద్ద ప్రయాణం, దానికి సెలవులు కూడిరావాలి. మాది కంకిపాడు. మా ఇంటి ముందు బస్సెక్కితే వంద కిలోమీటర్లు నిండకుండానే ఏరు అడ్డం వచ్చి, పంటు ఎక్కించి, ఒక దీవిలో దింపే దారి ఒకటి ఉన్నది. దానికి పాస్‌పోర్టు అక్కర లేదు. గత మాఘమాసంలో ఒక ఆదివారం నేనూ మా ఆవిడా ఆ దారిన ఎదురుమొండి వెళ్ళి వచ్చాము.

దీవి అనగానే మనకు సినిమా సముద్రం కళ్ళలో మెదులుతుంది గాని, కృష్ణ ఒడ్డు వాళ్ళకు దీవులు కొత్తా? నీళ్ళ నడుమ నేలకు మనకున్నన్ని పేర్లు ఎంతమందికి ఉన్నాయో చూడండి. ఏరు మేట వేసి పెంచిన నేల లంక. ఇసుక పోగై మెరకగా లేస్తే తిప్ప. అది ఇంకాస్త గట్టిపడి మనిషి నిలబడే చోటయితే దిబ్బ. సంస్కృతం నుంచి వచ్చి మనలో కలిసిపోయినది దీవి. నాగాయలంక, పాలకాయతిప్ప, ఈలచెట్లదిబ్బ, హంసలదీవి: నాలుగు మాటలకూ నాలుగు ఊళ్ళు ఒక్క దివిసీమలోనే దొరుకుతాయి. ద్వీపమంటే రెండు వైపుల నీరున్నదని వ్యుత్పత్తి. చుట్టూ నీరుంటే రెండు వైపులనే అన్నారేమని ఒకసారి తరగతిలో ఒక కుర్రవాడు అడిగాడు. సముద్రం నడుమ దీవిని తలచుకొని అడిగిన ప్రశ్న అది. ఏటి పాయల నడుమ పుట్టిన వాడైతే అడగడు. వాడి ఊరికి కుడిపక్క ఒక పాయ, ఎడమపక్క ఒక పాయ.

ఉదయం ఆరు గంటల బస్సుకు బయలుదేరాము. ఉయ్యూరు చెరకు ఫ్యాక్టరీ వాసన, పామర్రు కూడలి, కూచిపూడిలో బడికి కాకుండా నాట్యానికి పోతున్న పిల్లలు, ఇవన్నీ అలవాటైన దృశ్యాలే కనుక వర్ణించను. కృష్ణ కరకట్ట మీదుగా ఇంకొక దారి ఉన్నది. ఆ దారిన పోతే శ్రీకాకుళంలో ఆంధ్ర మహావిష్ణువును దర్శించుకోవచ్చు. కృష్ణదేవరాయలకు ఆముక్తమాల్యద రాయమని స్వామి కలలో చెప్పిన చోటు అదేనని ప్రతీతి. తెలుగు పంతుళ్ళకు అది మొక్కు తీర్చుకోవలసిన ఊరు. మా ఆవిడకు మోపిదేవి సుబ్బరాయుడి మొక్కు ముందు ఉండడం చేత ఈ దారే పట్టాము.

చల్లపల్లి దగ్గరపడుతున్నప్పుడు మాత్రం నా నోరు ఊరుకోలేదు. ఆ పక్కనే ఘంటసాల. పాటల ఘంటసాల వారి ఇంటిపేరు కూడా అదే గనుక ఆ పేరు తెలియని తెలుగువాడు లేడు. ఊరిని చూసిన వాళ్ళు తక్కువ. ఇప్పుడు అక్కడ నిలబడితే చుట్టూ వరి చేలు, మినుము చేలు తప్ప సముద్రపు జాడ ఉండదు. అయితే క్రీస్తు శకం రెండో శతాబ్దంలో టాలెమీ అనే గ్రీకు భూగోళ శాస్త్రవేత్త మన తీరాన్ని మైసోలియా అని రాసి, అందులో కొంటకోస్సిల అనే వర్తక పట్టణాన్ని పేర్కొన్నాడు. సువర్ణభూమికి పోయే ఓడలు తీరాన్ని విడిచి నడిసముద్రం పట్టే చోటు కూడా ఈ ప్రాంతంలోనే ఉన్నదని గుర్తు పెట్టాడు. ఘంటసాలలో దొరికిన ప్రాకృత శాసనాల్లో ఆ ఊరి పేరు కంటకసోల. వాటిలో ఒక శాసనంలో శివకుడనే మహానావికుడి పేరున్నది. నాగార్జునకొండ శాసనంలో ఈ ఊరి మహాచైత్యం ప్రస్తావన ఉన్నది. మహానావికుడు! ఆ బిరుదు ధరించిన మనిషి తిరిగిన నేల మీద నేడు ట్రాక్టర్లు తిరుగుతున్నాయి. ఏరు మేట వేసుకుంటూ పోయింది, సముద్రం వెనక్కు జరిగింది. గ్రీకుల దీవులకు మనం పోలేదని మావాడు చింతపడనక్కర లేదు, వాళ్ళే మన రేవుల్ని వెతుక్కుంటూ పుస్తకాలు రాసుకున్నారని ఆవేశంగా చెబుతుంటే, ముందు సీటులోని పెద్దమనిషి వెనక్కు తిరిగి, "మీరు గైడా అండీ?" అని అడిగాడు.

మోపిదేవిలో దర్శనం, కాఫీ అయ్యాయి. అక్కణ్ణించి పులిగడ్డ. కృష్ణ ఇక్కడ చీలి ఒక పాయ హంసలదీవి వైపు సాగుతుంది, పెద్ద పాయ దక్షిణంగా పోతుంది. ఆ రెంటికీ, సముద్రానికీ నడుమ చిక్కినది దివిసీమ. అంటే, నిజానికి సీమంతా ఒక దీవే. ఏటి మీద వంతెనల్లేని రోజుల్లో సీమలోకి పిల్లనివ్వడానికి బెజవాడ వైపు వాళ్ళు వెనకాడేవారని మా నాయనమ్మ చెప్పేది. పెళ్ళివారు పడవ దిగి బురద తొక్కుకుంటూ రావాలి గదా. ఇరవయ్యో శతాబ్దం మొదటి సగంలో పులిగడ్డ దగ్గర ఆక్విడక్టు కట్టారు. కింద ఏరు, పైన కాలువ. కాలువ నీళ్ళు ఏరు దాటడంతో సీమ మాగాణి అయింది. కాలువ నీళ్ళకు దారి దొరికిన చోట మనుషులకూ దొరికింది. ఆ తరువాత గుంటూరు వైపు పెనుమూడికి పెద్ద వంతెన, కోడూరు వైపు ఉల్లిపాలెం దగ్గర మరొక వంతెన వచ్చాయి. ఒక్కొక్క వంతెన వచ్చినప్పుడల్లా ఒక్కొక్క రేవు మూతపడింది, పడవవాళ్ళు వేరే పని చూసుకున్నారు. అట్లా మూతపడుతూ పోగా, మిగిలిన రేవుల్లో ఒకటి ఏటిమొగ.

అవనిగడ్డ ఉపాధ్యాయ పరీక్షల శిక్షణకు పేరు పొందిన ఊరు. నా శిష్యుల్లో సగంమంది అక్కడ ఏదో ఒక ఏడాది గడిపిన వాళ్ళే. అక్కణ్ణించి నాగాయలంక, నాగాయలంకలో ఆటో. మొగ అంటే ముఖం, ఏరు సముద్రంలోకి నోరు తెరిచే చోటు. ఏటిమొగ అని పేరు పెట్టిన వాడెవడో నాలుగక్షరాల్లో భూగోళమంతా చెప్పాడు. రేవులో ఒక రావిచెట్టు, దాని కింద రెండు బల్లలు, ఒక టీ దుకాణం. అవతలి ఒడ్డు మీద మనిషి కనబడతాడు గాని ముఖం ఆనవాలు పట్టలేము. ఏటి వెడల్పు అంత. పంటు అప్పుడే అవతల ఉన్నది. కాచుకోవలసిందే.

పంటు గురించి తెలియని వాళ్ళకు చెబుతాను. రెండు పెద్ద పడవల్ని పక్కపక్కన చేర్చి, అడ్డదూలాలు వేసి, ఇనుప పట్టీలతో బిగించి, మీద చెక్కలు పరుస్తారు. మంచమంత బల్లపరుపు. పక్కన ఇంజను. చుట్టూ నడుమెత్తు కమ్మీ. బల్లకట్టు అన్నా దాదాపు ఇదే జాతి. కృష్ణ మీద ఎగువన అనేక చోట్ల ఇవి నడిచాయి. ఇబ్రహీంపట్నం దగ్గర ఒక చోటుకు ఫెర్రీ అనే ఇంగ్లీషు మాటే ఊరి పేరుగా నిలిచిపోయింది. రేవును బట్టి ఊరికి పేరు వచ్చింది. పంటు మీద మోటారు సైకిళ్ళు, ఆటోలు, ట్రాక్టరు, బర్రెలు, పెళ్ళివారు, సిమెంటు బస్తాలు, గ్యాసు బండలు అన్నీ ఎక్కుతాయి. ఏది ఎక్కడ నిలపాలో చెప్పేవాడు సరంగు. బరువు ఒక పక్కకు ఒరగకూడదు. చూస్తే సులువుగా కనిపిస్తుంది గాని, ముందు ఎక్కిన వాళ్ళు చివర దిగనంటారు, బర్రె ఎటు తిరుగుతుందో బర్రెకే తెలియదు.

పంటు ఇటు వచ్చి ఆగింది. దిగినవాళ్ళలో ఒక పెద్దావిడ, ఆవిడ వెంట నిండు నెలల కూతురు. ఒక చాప, ట్రంకు పెట్టె, గిన్నెల మూట. అది ఊరికి పోయే సామాను మాదిరి లేదు, కాపురం పెట్టబోయే సామాను మాదిరి ఉన్నది. ఆటో వచ్చే లోపల చెట్టు కింద కూర్చున్నారు. మా ఆవిడ ఊరుకుంటుందా?

"ఎన్నో నెలమ్మా?"

"తొమ్మిది పడిందమ్మగారూ. అవనిగడ్డలో గది అద్దెకు తీసుకున్నాం. పురుడయ్యేదాకా అక్కడే ఉంటాం."

"మీ ఊళ్ళోనే మీ ఇల్లు పెట్టుకుని..."

"ఇల్లుంది గానమ్మా, రాత్రిపూట నెప్పులొస్తే ఏరు ఒప్పుకోదు గదా!"

ఈ మాట ఆవిడ ఫిర్యాదుగా అనలేదు, ఎండాకాలంలో ఎండ ఉంటుందన్నంత మామూలుగా అన్నది. తొలికాన్పుకు కూతుర్ని పుట్టింటికి తెచ్చుకోవడం మనకు తరతరాల మర్యాద. సీమంతం చేసి, గాజులు తొడిగి, చలిమిడి పెట్టి తెచ్చుకుంటాము. ఎదురుమొండి పుట్టిల్లయిన ఆడపిల్లకు ఆ మర్యాద చివరి నెలలో తిరగబడుతుంది. పుట్టింటి వాళ్ళే ఇల్లు వదిలి, ఆస్పత్రికి దగ్గరగా ఒక గదిలో పుట్టింటిని కొత్తగా పెట్టవలసి వస్తుంది. నెలన్నర అద్దె, తల్లి కూలిడబ్బులు పోవడం, ఇంటి దగ్గర మిగిలిన పిల్లలకు వండిపెట్టే దిక్కు లేకపోవడం, ఇవన్నీ ఆ గిన్నెల మూటలో ఉన్నాయి. మా ఆవిడ మోపిదేవి ప్రసాదం పొట్లం విప్పి ఆ పిల్ల చేతిలో సగం పెట్టింది. ఆటో వచ్చి వాళ్ళు వెళ్ళిపోయారు.

పంటు కదిలింది. సముద్రం దగ్గరైన చోట ఏటికి రెండు దిక్కులు. సముద్రం ఉబికి ఏట్లోకి ఎగదన్నితే పోటు, మళ్ళీ లాక్కుంటే పాటు, పుస్తకాల్లో ఆటుపోట్లంటాము. పోటు మీద ఉంటే పంటు రేవు మెట్టును ముద్దు పెట్టుకుంటుంది. పాటు బాగా తీసిన వేళ నీళ్ళు దూరం జరిగి బురద బయటపడుతుంది. అప్పుడు చెక్కలు వేసుకుని, చెప్పులు చేతపట్టుకుని దిగాలి. సరంగు యాభై ఏళ్ళ మనిషి. చుక్కాని పట్టుకుని ఎదుటి గట్టును సూటిగా చూడకుండా, ఎగువన ఎక్కడో ఒక తాడిచెట్టును చూస్తున్నాడు. అదేమని అడిగితే, "నీళ్ళు కిందికి లాగుతున్నాయి గదండీ. రేవు మీద గురి పెడితే రేవు దాటిపోతాం. చెట్టు మీద గురి పెడితే రేవులో ఆగుతాం" అన్నాడు. నౌకాశాస్త్రం చదివిన మా శిష్యుడు దీన్ని నాలుగు పేజీల లెక్కల్లో రాస్తాడు.

మనుషుల్ని లెక్కపెట్టుకున్నాడా అని కూడా అడిగాను. అడగడానికి కారణం ఉన్నది. 2017 నవంబరు 12, కార్తీకమాసపు ఆదివారం. బెజవాడ దగ్గర భవానీ ద్వీపం వైపు నుంచి పవిత్ర సంగమానికి యాత్రికులతో వస్తున్న పడవ ఆ ఫెర్రీ దగ్గరే బోల్తాపడి 22 మంది చనిపోయారు. ఎక్కువమంది ఒంగోలు వాళ్ళు. హారతి చూడడానికి బయలుదేరిన వాళ్ళు. ఆ పడవకు అనుమతి లేదు. రెండేళ్ళకు 2019 సెప్టెంబరు 15న గోదావరి మీద కచ్చులూరు దగ్గర పాపికొండలకు పోయే పెద్ద పడవ మునిగింది. ఓడల దేశమైన గ్రీసుకు కూడా ఈ పాపం అంటింది: 2000 సెప్టెంబరు 26న ఎక్స్‌ప్రెస్ సమీనా అనే ఓడ పారోస్ దీవి దగ్గర, పటాల్లో గుర్తులున్న రాళ్ళకే కొట్టుకుని మునిగి 80 మందికి పైగా ప్రాణాలు తీసింది. ఏరు గాని సముద్రం గాని ఈ మూడింట్లో కొత్తగా చేసిన ద్రోహమేమీ కనబడదు. విహారానికి పోయే మనం ఏడాదికి ఒక్కరోజు పడవెక్కుతాము, ఆ ఒక్కరోజూ గంటసేపు భయపడి దిగిపోతాము. దీవి మనిషి రోజూ ఎక్కుతాడు. రోజూ భయపడడం ఎవరికి సాధ్యం? అందుకే వాళ్ళ తరఫున ఎవరో ఒకరు రోజూ లెక్కపెట్టాలి. సరంగు నవ్వి, "మనుషులు ముప్ఫయి నలుగురు, బళ్ళు తొమ్మిది, మేకలు రెండు" అన్నాడు. నేను లెక్కపెట్టాను, మేకలు మూడు. ఒకటి కూలబడి గంప వెనుక ఉన్నది.

ఎదురుమొండి దీవిలో దిగగానే ఆశ్చర్యం ఏమంటే, ఆశ్చర్యపడడానికి ఏమీ ఉండదు. సిమెంటు రోడ్డు, రామాలయం, చర్చి, కిరాణా కొట్టు, బడి, సెల్‌ఫోన్ టవరు. మన కంకిపాడు పక్క ఊరే తెచ్చి నీళ్ళ నడుమ పెట్టినట్టున్నది. కాస్త లోపలికి నడిస్తే తేడా తెలుస్తుంది. వరి చేలు తక్కువై చేపల చెరువులు, రొయ్యల చెరువులు పెరుగుతాయి. నాచుగుంట వైపు పోతే గాలిలో ఉప్పు నాలుకకు తగులుతుంది. ఏటి గట్టు కోసుకుపోయిన చోట తాడిచెట్టు వేళ్ళు గాలిలో వేళ్ళాడుతున్నాయి. ఏరు మేట వేయడం నేర్పినట్టే కోయడం కూడా నేర్పుతుంది. ఘంటసాల దగ్గర నేల పోసి సముద్రాన్ని దూరంగా నెట్టిన ఏరే ఇది.

దీవి చివర్లలో మడ అడవులు. మడచెట్టు బురదలో నిలబడి, ఊపిరి కోసం వేళ్ళను మేకుల్లా పైకి పంపుతుంది. తిల్లచెట్టు కొమ్మ విరిస్తే పాలు కారతాయి. అవి కంట్లో పడితే కన్ను దెబ్బతింటుందని పిల్లల్ని దాని దగ్గరకు పోనివ్వరు. ఈ మడ అడవులు కృష్ణా వన్యప్రాణి అభయారణ్యంలో భాగం. చేపలు పట్టుకు తినే బావురుపిల్లి ఇక్కడి ప్రత్యేకత. మాకు పిల్లి కనిపించలేదు. బురద మీద దాని అడుగులని ఒక కుర్రవాడు చూపించాడు. ఊరపిల్లివేమో అని మా ఆవిడ అనుమానం.

మడ అడవి విలువ చెప్పడానికి శాస్త్రవేత్తలు అక్కర లేదు. రామాలయం అరుగు మీద కూర్చున్న ఒక ముసలావిడ చెప్పింది. 1977 నవంబరు 19, శనివారం. ఆ తేదీ దివిసీమలో ఎవరినీ అడగనక్కర లేదు, వాళ్ళే చెబుతారు. ఉప్పెన రెండు నిలువుల పైచిలుకు ఎత్తున లేచి సీమ మీదికి వచ్చింది. సొర్లగొంది, పాలకాయతిప్ప వంటి ఊళ్ళు తుడిచిపెట్టుకుపోయాయి. మొత్తం మీద పదివేల మందికి పైగా చనిపోయారు. "నీళ్ళు వచ్చాయని చెప్పడానికి లేదు నాయనా, గోడ నడిచి వచ్చినట్టు వచ్చింది. మా నాన్న నన్ను తుమ్మచెట్టుకు పంచెతో కట్టేశాడు. తెల్లారి ముడి విప్పడానికి ఆయన లేడు" అన్నది. అంతవరకే చెప్పి, మీది ఏ ఊరు, ఎంతమంది పిల్లలు అని అడగడం మొదలుపెట్టింది. బందరులో 1864 నవంబరు 1న వచ్చిన ఉప్పెన గురించి నేను పుస్తకాల్లో చదివి తరగతిలో చెబుతుంటాను. దానికి 30,000 మంది పోయారు. పుస్తకంలోని ఉప్పెన వేరు. ఆ అరుగు మీద అంతకు మించి ఏమీ అడగబుద్ధి కాలేదు. ఆ ఉప్పెన తరువాత తీరం పొడుగునా తుపాను రక్షణ భవనాలు కట్టారు. ఇప్పుడు హెచ్చరిక రోజుల ముందే వస్తుంది. అయితే గాలి ముదిరాక పంటు నడపరు. ఒడ్డున ఉన్నవాడు చివరి గంటలో కూడా బస్సెక్కి పోగలడు. దీవి మనిషి మాత్రం ఏరు లేవక ముందే, ఆకాశం నిర్మలంగా ఉండగానే ఇల్లు విడిచి రావాలి. గొడ్డూ గోదా వదిలి, ఎండ కాస్తుండగా, వస్తుందో రాదో తెలియని గాలి కోసం ఇల్లు విడవడం ఎంత కష్టమో ఆలోచించండి.

అక్కడి బడి పంతులు ఒకాయన మమ్మల్ని ఇంటికి తీసుకుపోయి అన్నం పెట్టించాడు. పీతల ఇగురు, చింతకాయ పచ్చడి. మాటల మధ్య వంతెన సంగతి వచ్చింది. దీవికి వంతెన అనే మాట పాతదే. ఎన్నికలు వచ్చినప్పుడల్లా అది కొత్తదవుతుంది. 2025 మే 2న ప్రధానమంత్రి అమరావతిలో ఉండి శంకుస్థాపన చేసిన పనుల్లో నాగాయలంక క్షిపణి పరీక్షా కేంద్రం ఒకటి. ఆకాశంలోకి క్షిపణి లేవబోయే మండలంలోనే, నెలలు నిండిన పిల్ల ఏరు దాటడానికి పోటూ పాటూ చూసుకోవాలి. దేశరక్షణ అవసరమే, కాదనను. రెండు అవసరాలనూ పక్కపక్కన పెట్టి చూస్తున్నానంతే.

"వంతెన వస్తే అందరికీ సంతోషమేనా?" అని అడిగాను.

"అందరికీ అనకండి సార్" అన్నాడు పంతులు. "సరంగుకు అన్నం పోతుంది. కిరాణా కొట్టాయన బేరం అవనిగడ్డకు పోతుంది. ఇప్పుడు రాత్రయితే ఊళ్ళోకి కొత్తవాడు రాడు, తాళం వెయ్యకపోయినా భయం లేదు. అది కూడా పోతుంది. అయినా రమ్మనండి సార్. మా బళ్ళో అటునుంచి వచ్చే టీచర్లు పంటు ఆలస్యమైతే ఆలస్యంగా వస్తారు, పంటు తొందరైతే తొందరగా పోతారు. పదో తరగతి అయ్యాక ఆడపిల్లల్ని కాలేజీకి పంపమంటే, చీకటి పడేసరికి పంటు దొరక్కపోతే ఎట్లా అంటారు. వాళ్ళతో నేనేం వాదించను?"

గ్రీసు గురించి మా శిష్యుడు రాసిన మరొక సంగతి నాకు అప్పుడు గుర్తుకు వచ్చి పంతులుకు చెప్పాను. ఆ దేశంలో దీవులూ దిబ్బలూ కలిపి 6000 దాకా ఉన్నాయి. మనుషులుండేవి 200 పైచిలుకు. శాంటోరిని వంటి పేరున్న దీవులకు ఓడ కంపెనీలు పోటీపడి నడుపుతాయి. నాలుగు వందల మంది ఉండే దీవికి, అందునా చలికాలంలో ఎవడు నడుపుతాడు? అటువంటి దారులకు వాళ్ళ భాషలో ఒక పేరున్నది. మన మాటల్లో చెప్పాలంటే గొడ్డు దారులు. లాభం ఈనని దారులన్నమాట. ఆ గొడ్డు దారుల్లో ఓడ తప్పకుండా నడవడానికి ప్రభుత్వం కంపెనీలకు డబ్బు కట్టి నడిపిస్తుంది. జనం ఎక్కినా ఎక్కకపోయినా వారానికి ఇన్నిసార్లు ఓడ రావాలని ఒప్పందం. ఓడ వస్తేనే అక్కడికి మందులు, ఉత్తరాలు, కూరగాయలు. శిష్యుడి ఫోటోల్లో తెల్లటి ఇళ్ళు చూసి మురిసిన నాకు, నిజంగా అసూయ కలిగింది ఈ సంగతి చదివినప్పుడే. పంతులు కాసేపు ఊరుకుని, "రాత్రికి ఒక్కటి సార్. రాత్రికి ఒక్క పడవ, ఇంజనుతో, డ్యూటీ మీద ఒక మనిషి. వంతెన పూర్తయ్యేదాకా అది పెట్టిస్తే చాలు" అన్నాడు. ఇప్పుడు రాత్రిళ్ళు ఏం చేస్తారని అడిగితే, చేపల పడవ ఉన్నవాణ్ణి లేపుతారనీ, ఎవడూ లేవనని అనలేదనీ చెప్పాడు. "కాని లేపడానికి పోయి రావాలి, ఇంజనులో ఆయిలుండాలి, పాటు తీసి ఉండకూడదు. ఇవన్నీ కలవాలి" అని వేళ్ళు ముడిచి చూపించాడు.

సాయంత్రం పంటుకు గంట ముందే రేవుకు చేరాము. అప్పటికే జనం. పట్నం నుంచి విహారానికి వచ్చిన కుర్రాళ్ళు ఫోటోలు తీసుకుంటున్నారు. పీతల గంపలతో ఉన్న ఆడవాళ్ళు చీకటి పడక ముందు అవతల లారీకి అందించాలని తొందరపడుతున్నారు. పొద్దు ఏటిలోకి వాలి నీళ్ళంతా బంగారమైంది. కుర్రాళ్ళు "సూపర్" అన్నారు. గంప పక్కనున్న ఆవిడ మాత్రం ఆ వెలుగు ఇంకెంతసేపు ఉంటుందో అంచనా కట్టి, తన గంపను మనుషుల నడుమ నుంచి ముందుకు జరుపుకుంటున్నది.

వెళ్ళదలచిన వారికి రెండు మాటలు. మాఘ ఫాల్గుణాలు అనువైన రోజులు. తరువాత ఎండ, ఆ తరువాత వరద, ఆశ్వయుజ కార్తీకాల్లో తుపాను భయం. బెజవాడ నుంచి అవనిగడ్డకు, నాగాయలంకకు బస్సులున్నాయి. తాగే నీళ్ళు వెంట తీసుకుపోండి, ఖాళీ సీసాలు తిరిగి తెచ్చుకోండి. ఏటిమొగలో దిగగానే మొదట అడగవలసినది సాయంత్రం చివరి పంటు ఎప్పుడన్నది. జవాబు ఒకరి దగ్గర కాకుండా ఇద్దరి దగ్గర అడగండి, ఎందుకంటే అది గడియారాన్ని బట్టి కాదు, నీళ్ళను బట్టి. పంటు నిండిందని సరంగు చెయ్యి అడ్డం పెడితే బతిమాలవద్దు, తరువాతి దానికి కాచుకోండి. జేబులో కొంచెం చిల్లర ఉంచుకోండి. ఫోనుతో డబ్బు కట్టే పద్ధతి ఆ రేవుకూ వచ్చింది గాని, ఏటి నడుమ సిగ్నలు అందదు.